తోటివారిని గమనించి వాడుకోండి

యంత్రానికి కులం తెలియదన్నది నా తరం చదువుకున్నవాళ్ళలో చాలామంది నమ్మకం. బస్సు సీటు, రైలు పెట్టె, సినిమా హాలు, పిండిమర మేము తరచుగా చూపే ఉదాహరణలు. ఉపన్యాసాలలో నేనూ చూపాను. మా హేతువాద సంఘం పత్రికలో దీని మీద ఒక వ్యాసం కూడా రాశాను. అందులో చివరి ఉదాహరణ మా పెరటి బోరు. ఎండాకాలం పంచాయతీ నీళ్ళు ఆగిపోగానే మేము పెరటి తలుపు తెరుస్తాం. వీధివాళ్ళూ ఎస్సీ కాలనీవాళ్ళూ ఒకే కొళాయి దగ్గర పట్టుకుంటారు. మోటారు ఎవరినీ ఇంటిపేరు అడగదు అని రాశాను. ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ కొందరు ఫోన్లు చేశారు. నిరుటి వేసవిలో ఈ నమ్మకానికి పరీక్ష ఎదురైంది. పరీక్ష పెట్టింది నేను కాదు.

మార్చి నెలాఖరులో ఒక మధ్యాహ్నం సుప్రియ లాప్‌టాప్ సంచితో మా వసారా మెట్ల దగ్గర నిలబడింది. కాలనీలో ఉండే జ్ఞానయ్య కూతురు. మార్కాపురంలో ఇంజనీరింగు చదివింది. తల్లి రోజీ కూలికి పోతుంది, ఏడాదిలో సగం మా చేలోనే. జ్ఞానయ్య పలకల గనిలో పనిచేసేవాడు. ఒక పేలుడులో రాతిపొడి కళ్ళలో కొట్టి చూపు పోయింది. అంతకు ముందు ఆదివారాలు చర్చిలో బైబిలు వాక్యం చదివేవాడు. ఇప్పుడు అదే వాక్యాన్ని కంఠతా చెబుతాడు.

ఆ అమ్మాయి అడిగింది చిన్న సంగతే. కాలనీలో సిగ్నల్ నిలవదు, మా ఇంటికి ఫైబర్ లైను ఉంది, మధ్యాహ్నాలు కొంతసేపు వాడుకుంటానంది. దేనికని అడిగాను. చెప్పిన జవాబును నేను వెంటనే నమ్మలేకపోయాను.

చూపులేనివాళ్ళకు కంప్యూటరు తెర మీది తెలుగును చదివి వినిపించే గొంతు ఒకటి తయారుచేస్తున్నదట. ఇప్పుడున్న గొంతు రేకుడబ్బాను గీకినట్టు ఉంటుంది. తన తండ్రి గొంతును రికార్డు చేసి దాన్ని యంత్రానికి నేర్పాలి. నేర్పడమంటే వారాల తరబడి ఆగకుండా సాగే లెక్కలు. లాప్‌టాప్ వల్ల కాదు. అందుకు తగిన పెద్ద యంత్రాలను ఎక్కడో చలిదేశంలో ఒక విశ్వవిద్యాలయం తన నేలమాళిగలో పెట్టి నడుపుతున్నది. రాసిన ప్రోగ్రామును దాచుకోకుండా లోకానికి వదిలిపెట్టేవాళ్ళను, వాళ్ళు ఓపెన్ సోర్స్ అంటారు, తమ తమ ఇళ్ళనుంచే సర్వర్ అనే ఆ యంత్రం లోపలికి వచ్చి పనిచేసుకోమంటున్నది. ఒకే యంత్రం మీద ఒకే సమయంలో అనేక దేశాల వాళ్ళు ఉంటారు. సుప్రియ దరఖాస్తు పెట్టుకుంది. వాళ్ళు ఖాతా తెరిచి పాస్‌వర్డు పంపారు.

"ఊరికేనా?" అన్నాను.

"ఊరికే సార్."

"నీ ముఖం చూడకుండా, నువ్వెవరో తెలియకుండా?"

"ఏం పని చేస్తావని అడిగినారు. చెప్పినాను. ఇంకేం అడగలేదు."

ఊరికే విభూతి ఇచ్చే బాబాల చేతుల్లో కిటుకు ఎక్కడుందో పట్టుకోవడంలో నా జీవితంలో మంచి భాగం గడిచింది. ఆ విశ్వవిద్యాలయం వారి నిబంధనలను తెరిపించి, కళ్ళజోడు మార్చి, మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఎర ఎక్కడా కనిపించలేదు. తయారైన పని అందరికీ తెరిచి ఉండాలని ఒక షరతు. చివర ఒక విన్నపం: యంత్రం అందరిదీ, తోటివారిని గమనించి వాడుకోండి.

"దీంట్లో మోసమేముంది సార్?" అంది సుప్రియ.

"ఇంకా దొరకలేదు," అన్నాను.

మే నెలాఖరులోగా ఆ గొంతు తయారై, పరీక్షలు నెగ్గితే, ఒక ఉచిత కంప్యూటరు వ్యవస్థ తాలూకు కొత్త కూర్పులో చేరుతుంది. అంధ విద్యార్థుల హాస్టళ్ళలో చాలాచోట్ల ఆ వ్యవస్థే నడుస్తున్నదట. చేరితే ఆ పిల్లలందరి కంప్యూటర్లలోకి జ్ఞానయ్య గొంతు తనంతట తానే వెళుతుంది. గడువు తప్పితే రెండేళ్ళు ఆగాలి. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆ అమ్మాయి తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

*

రికార్డింగు మా ముందుగదిలోనే జరిగింది. కాలనీలో మేకల అరుపులు, ఆటోల హారన్లు. జ్ఞానయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేశాం. నేను ఒక వాక్యం చదవాలి, ఆయన దాన్ని తిరిగి చెప్పాలి. వేలకొద్దీ వాక్యాలు కావాలి. భౌతికశాస్త్రం పాఠాలు, వంటల పుస్తకాలు, బస్సుల రాకపోకల వేళలు, నా పాత వ్యాసాలు, దొరికిందల్లా చదివాను. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయినా జ్ఞానయ్య గొంతు చెదరలేదు. మాటకూ మాటకూ మధ్య ఆయన ఇచ్చే విరామాన్ని ఏ ఉపన్యాసకుడైనా నేర్చుకోవచ్చు.

నా వ్యాసాల వంతు రాగానే చెయ్యెత్తాడు.

"సారూ, ఏమన్నా చెప్పించుకోండి. దేవుడు లేడని మాత్రం నా నోట చెప్పించొద్దు. ఆదివారం ఈ గొంతుతోనే వాక్యం చెప్పాల."

"అది తీసేశాను. నీ దేవుడి జోలికి రాను."

"అట్లయితే కానీండి."

ఆ వ్యాసంలోనిదే ఒక వాక్యం చదివాను. యంత్రానికి కులం తెలియదు. జ్ఞానయ్య దాన్ని చెప్పాడు. వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడంతో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే."

"మాట బాగుంది సారూ," అన్నాడు. గోడవారగా కూర్చున్న సుప్రియ లాప్‌టాప్ మీదికి వంగి ఏదో సరిచేస్తున్నది. తర్వాతి వాక్యం కంభం బస్సు వేళల గురించినది.

*

ఏప్రిల్ రెండోవారంలో అసలు పని మొదలైంది. మన మధ్యాహ్నం వాళ్ళకు నడిరాత్రి కాబట్టి యంత్రం ఖాళీగా ఉంటుందని సుప్రియ ఆ వేళ ఎంచుకుంది. పని పెట్టి వదిలేస్తే అది అక్కడ తనంతట తాను సాగుతుంది. మధ్యమధ్య చూసుకుంటే చాలు. ముందుగదిలో బల్ల, కుర్చీ, ఫ్యాను ఉన్నా ఆమె వసారా అంచున స్తంభానికి ఆనుకుని కూర్చునేది. లోపలికి రమ్మంటే ఇక్కడ గాలి బాగుంది సార్ అనేది. ఏప్రిల్‌లో మా వసారాలో గాలి ఉండదు. అయినా నేను ఆ మాటను పరిశీలించలేదు.

వారం గడిచాక పని ఎంతవరకు వచ్చిందని అడిగాను. మొదటి దశలోనే ఉందంది. మరో వారం తర్వాత అడిగితే అదే జవాబు. ఒక దశ మధ్యలో ఆగితే ఆ దశ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలట. ఎందుకు ఆగుతున్నదంటే సరిగా చెప్పలేదు. మే వచ్చింది. రాచర్ల రోడ్డు మీద తారు కరుగుతున్నది. ఆ అమ్మాయి కళ్ళ కింద చారలు కనబడుతున్నాయి.

నేను అనుకున్నది తేలిందనుకున్నాను. పేరుకు అందరికీ తలుపు తెరిచి, లోపలికి వచ్చాక మనలాంటివాళ్ళను పక్కకు తోస్తున్నారు. ఉచితం అన్నదాని కిటుకు ఇదన్నమాట. సాక్ష్యం కోసం ఒక మధ్యాహ్నం కుర్చీ తెచ్చుకుని ఆమె వెనక కూర్చున్నాను. నా భార్య లక్ష్మీదేవమ్మ ఇద్దరికీ మజ్జిగ పెట్టి, మీరేం చేస్తారక్కడ అన్నట్టు నన్ను చూసి వెళ్ళింది.

నల్లటి తెర మీద తెల్లటి అంకెలు పైకి పాకుతున్నాయి. పైన ఒక మూల, ఆ సమయంలో యంత్రం లోపల ఉన్నవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. అప్పటికి సుప్రియ ఒక్కతే. అంకెలు మారుతుంటే ఆమె ముఖం తేటపడింది. చాలాసేపు అలాగే నడిచింది. నాకు కునుకు వస్తున్నది.

మూలన హెన్రిక్ అన్న పేరు వచ్చింది.

సుప్రియ చెయ్యి కదిలింది. రెండు మీటలు కలిపి నొక్కింది. అంకెలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యంత్రమే ఆగిందేమో అనుకున్నాను. కొంతసేపటికి హెన్రిక్ పేరు పోయింది. సుప్రియ పని మళ్ళీ మొదలుపెట్టింది, మొదటినుంచి. అంకెలు పాకాయి. ఈసారి మార్తా అన్న పేరు వచ్చింది. ఆమె చెయ్యి మళ్ళీ కదిలింది. అంకెలు నిలిచిపోయాయి.

అప్పుడు తెర అడుగున ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. మార్తా పంపింది. "నేను వచ్చినప్పుడల్లా మీరు పని ఆపేసి వెళ్ళిపోతున్నారు. నా వల్ల ఏమైనా ఇబ్బందా? ఇక్కడ చోటు చాలా ఉంది."

సుప్రియ గబగబా "సారీ మేడమ్" అని కొట్టి, సర్వర్‌లోనుంచి బయటికి వచ్చేసింది.

"ఇప్పుడు ఏం చేశావు?" అన్నాను.

"ఆపినాను సార్."

"ఎందుకు?"

"వాళ్ళొచ్చినారు గదా."

నాలోని ఉపాధ్యాయుడు లేచాడు. ఆ యంత్రం ఒక పని ముగించి మరొకటి అందుకునే రకం కాదని, లోపల కోర్లనే భాగాలు అనేకం ఒకేసారి వేరువేరు పనులు చేస్తాయని, నువ్వు నీ పని ఆపడం వల్ల వాళ్ళకు కలిగే మేలు ఏమీ లేదని, ఇంగ్లీషు మాటలు కలిపి కొంతసేపు వివరించాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. పూర్తయ్యాక నెమ్మదిగా అంది:

"తెలుసు సార్. అరవై నాలుగు కోర్లున్నాయి. నేను వాడేది ఎనిమిది."

"తెలిసి ఆపుతున్నావా?"

"పేరు కనపడంగానే చెయ్యి పోతుంది సార్. ఆపినాక గుర్తొస్తుంది, ఆపబల్లేదని. అమ్మ బిందె తీసినట్ల."

"ఏ బిందె?"

"బోరు కాడ."

"ఏ బోరు?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. నాకు తెలియదన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"మీ బోరే సార్," అంది.

*

ఆ సాయంత్రం కుర్చీ పెరట్లో వేయించుకున్నాను. లోపల ఉక్కగా ఉందని లక్ష్మీదేవమ్మతో చెప్పాను. ఆమె మోటారు వేసి, పెరటి తలుపు గొళ్ళెం తీసింది. ఆడవాళ్ళు వచ్చారు. నన్ను చూసి కొంగులు సర్దుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

కాలనీవాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. రోజీ తన స్టీలు బిందె కొళాయి కింద పెట్టింది. ధార మందంగా పడుతున్నది. బిందె సగం నిండిందో లేదో, పక్కింటి సుజాత తలుపులోనుంచి వచ్చింది. చెవి దగ్గర ఫోను, చంకలో ప్లాస్టిక్ బిందె. కొమరోలులో ఉన్న అక్కతో చీరల సంగతి మాట్లాడుతున్నది. రోజీ వైపు చూడలేదు, జరగమనలేదు. రోజీ సగం బిందెను తీసి, అదే ఊపులో వెనక్కి అడుగేసి, గోడ పక్కన నిలబడింది. సుజాత బిందె ఆ చోటులోకి వచ్చింది. ధార ఒక బిందెలోనుంచి మరొక బిందెలోకి మారింది. ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఎంత అలవాటైన చేతులయితే అది సాధ్యమో నేను లెక్కకట్టగలను.

సుజాత మాట్లాడుతూనే వెళ్ళిపోయింది. రోజీ బిందె మళ్ళీ పెట్టింది. వీధిలోనుంచి ఇంకొకరు వచ్చారు. రోజీ బిందె తీసింది.

ఈ పెరడు నేను పుట్టినప్పటినుంచీ నాది. ఈ కొళాయిని నేనే దగ్గరుండి పెట్టించాను. దీని గురించి అచ్చులో రాశాను.

అన్నం దగ్గర లక్ష్మీదేవమ్మను అడిగాను, రోజీని బిందె తియ్యమని ఎవరు చెప్పారని.

"ఎవరు చెప్తారు? వాళ్ళే జరుగుతారు."

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచేంది? బోరు వేయకముందు బావి ఉన్నప్పటినుంచి అంతే గదా." పప్పు వడ్డిస్తూ ఆగింది. "మీరు బోరు కాడికి వచ్చింది ఈ పొద్దే. పత్రికలో రాసేటప్పుడు నన్నడిగింటే చెప్పుండేదాన్ని."

మరునాడు మళ్ళీ పెరట్లో కూర్చున్నాను. సుజాత వచ్చేసరికి రోజీ చెయ్యి బిందె మీదికి పోయింది. రోజీ, బిందె ఉంచు, నిండాకనే తియ్యి అన్నాను. నా గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. సుజాత ఫోను చెవినుంచి దించి, ఏంది మామా, నేనేమన్నా అన్నానా అంది. నిజమే, ఆమె ఏమీ అనలేదు. రోజీ నవ్వింది, నవ్వుతూనే బిందె తీసి పక్కకు జరిగింది.

అందరూ వెళ్ళాక రోజీ వంటింటి మెట్ల దగ్గరికి వచ్చింది. బిందె నడుమున ఉంది.

"సారూ, మీరు చెప్పినారని ఉంచితే ఈ పొద్దు బిందె నిండుతాది. రేపు మీరు లోపల చదువుకుంటా ఉంటారు. రేపు గూడా నాకు నీళ్ళు కావాల."

చెప్పి, బిందె సర్దుకుని పెరటి తలుపు దాటింది.

*

మేలో మిగిలింది సగం కన్నా తక్కువ. మధ్యలో ఆపకుండా సాగితే ఆ రోజులు చాలునని సుప్రియ లెక్క. పేర్లు కనబడే మూలకు కాగితం అంటిద్దామన్నాను. అంటించి చూసింది, ఒక్క పూటకే కాగితం ఎత్తి చూడటం మొదలుపెట్టింది.

"కనపడకపోతే ఇంకా భయం సార్. ఎంతమందొచ్చినారో తెలీదు గదా."

ఉపాయం ఆమెకే తట్టింది. ఒక మధ్యాహ్నం పని మొదలుపెట్టి, లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి ఇంటికి తీసుకుపోయింది. పని జరిగేది అక్కడ. ఇక్కడ మూసినా అది ఆగదు. లాప్‌టాప్‌ను తండ్రి ఒళ్ళో పెట్టి, నెలాఖరు దాకా నేనడిగినా ఇవ్వొద్దు నాయనా అని చెప్పింది. తెర తెరిచినా ఆయనకు పేర్లు కనబడవు.

నేను చూడటానికి వెళ్ళాను. కాలనీలో చర్చి గోడ నీడలో నులకమంచం మీద జ్ఞానయ్య ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మేకలు తోలుకుపోతున్న ఏబేలు ఆగి, ఏంది మామా, పొదుగుతున్నావా, పిల్లలెప్పుడు అన్నాడు.

"నెలాఖరుకు," అన్నాడు జ్ఞానయ్య. "నా గొంతుతోనే కూస్తాది. నీ పేరు పెట్టి పిలిపిస్తా, దాక్కోవద్దు."

కూతురు రెండుసార్లు అడిగిందట. ఒకసారి బతిమాలిందట. ఇవ్వలేదని చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన చేతులు సంచి మీద ఇంకొంచెం బిగిశాయి.

ఆ రోజుల్లో నేను ఏమీ చదవలేకపోయాను. పుస్తకం తెరిస్తే ధార ఒక బిందెలోనుంచి మరొక బిందెలోకి మారడమే కనిపించేది. ఎవరితోనైనా చెప్పుకోవాలి, చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది లక్ష్మీదేవమ్మ. ఒక సాయంత్రం ఆమె చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని, ఆ దూరదేశపు యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాను. ఆమెకు తెలిసేలా చెప్పాలని, దానికి లోపల అనేక కొళాయిలు ఉన్నాయనుకో అన్నాను. ఒకరి కోసం ఇంకొకరు జరగనక్కరలేదు. ఎవరి బిందె వారిది, అన్నీ ఒకేసారి నిండుతాయి.

ఆమె గింజ తీయడం ఆపి విన్నది. నేను చెప్పే సంగతులను ఆమె అంత శ్రద్ధగా వినడం అరుదు.

"అట్లుంటే ఎవరికీ బాధుండదు," అంది.

అర్థం చేసుకున్నదనుకున్నాను.

*

మే చివరివారంలో మార్కాపురంలో మా సంఘం శిక్షణ తరగతులు. ముందే ఒప్పుకున్నది కాబట్టి వెళ్ళాను. నా ప్రసంగం నేను చెయ్యకుండా మరొకరికి అప్పగించి, వెనక వరసలో కూర్చుని వచ్చాను. గిద్దలూరులో బస్సు దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. వసారా అంచు ఖాళీగా ఉంది. ముందుగదిలో, బల్ల దగ్గర, కుర్చీలో సుప్రియ కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీలో జ్ఞానయ్య. లాప్‌టాప్ ఆయన ఒళ్ళోనుంచి బల్ల మీదికి వచ్చింది.

"అయింది సార్," అంది సుప్రియ. "పరీక్షలు గూడా నెగ్గింది. పంపించినాను."

"మధ్యలో ఎవరూ రాలేదా?"

"శానామంది వచ్చిపోయినారు సార్. మార్తా మేడమ్ రోజూ ఉంది. లోపల రాసుంది, ఎవరెప్పుడొచ్చిందీ." కాసేపు తెర వైపు చూసింది. "ఎవరి పనీ ఆగలేదు."

ఏదైనా వినిపించమన్నాను. ఆమె ఒక మాట కొట్టింది. గదిలో జ్ఞానయ్య గొంతు పలికింది, జ్ఞానయ్య పెదవులు కదలకుండానే: "రోజీ, బిందె నిండింది."

ఆ గొంతులోని విరామం కూడా ఆయనదే. జ్ఞానయ్య ఉలిక్కిపడి ముఖం అటు తిప్పాడు. చేత్తో బల్లను తడిమాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు.

"ఇంత గట్టిగా నేనెప్పుడు మాట్లాడినానమ్మా?" అన్నాడు.

సుప్రియ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వెళ్ళాను, లక్ష్మీదేవమ్మను పిలిచి వినిపిద్దామని. ఆమె పెరట్లో ఉంది. బోరు మెకానిక్ పాపయ్య గోడ దగ్గర కూర్చుని పైపుకు ఆఖరి మర బిగిస్తున్నాడు. గోడకు కన్నం కొట్టి ఉంది. మా కొళాయినుంచి ఒక కొత్త పైపు చీలి ఆ కన్నంలోనుంచి అవతలికి పోయింది.

"వచ్చినారా," అంది లక్ష్మీదేవమ్మ. ఆమె ముఖం వెలిగిపోతున్నది. "మీరు చెప్పినట్టే చేయించినాను. గోడ అవతల వాళ్ళకొక కొళాయి. ఎవరి కోసం ఎవరూ జరగబల్లేదు. ఎవరి బిందె వాళ్ళది."

నేను గోడ దగ్గరికి వెళ్ళి ఆ కన్నంలోకి వంగి చూశాను.

పాపయ్య మోటారు వేశాడు. గోడ ఇవతలా అవతలా ఒకేసారి నీళ్ళ చప్పుడు. సుజాత వచ్చి చూసి, మంచి పని చేసినావత్తా, మామ ఆ పొద్దు అందరి ముందర నన్నంటే తల కొట్టేసినట్టయింది అంది. లక్ష్మీదేవమ్మ నా ముఖం చూసి, ఏం, బాగాలేదా, తీయించమంటారా అని అడిగింది. ఆ అడగడంలో వెటకారం లేదు.

వీధి చుట్టూ తిరిగి గోడ అవతలికి వెళ్ళాను. రోజీ అక్కడ ఉంది. తీయించేస్తాను రోజీ, ఇది తప్పు అన్నాను. ఆమె ధారలో ఉన్న బిందె మీదనుంచి చెయ్యి తీయలేదు.

"తీయించొద్దు సారూ," అంది. "ఈ ఎండాకాలంలో బిందె నిండా పట్టుకునేది ఇదే మొదలు."

బిందె అంచుదాకా నిండి పొర్లింది. ఆమె పొర్లనిచ్చింది.

*

సుప్రియ తయారుచేసిన గొంతు కొత్త కూర్పులో చేరింది. చేసినవారి పేర్లలో ఆమె పేరు, గొంతు ఇచ్చినవారి చోట జ్ఞానయ్య పేరు ఉన్నాయి.

ఆమె ఇప్పటికీ మధ్యాహ్నాలు వస్తుంది. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంటుంది. తెర మూల పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఆమె పని ఆపదు.

మా బోరుకు కొళాయిలు రెండు. ఒకటి గోడకు లోపల, వీధివాళ్ళు మా ఇంట్లోనుంచి వచ్చి పట్టుకునేది. ఒకటి గోడకు వెలుపల. మోటారు ఒకటే. సాయంత్రం సుప్రియ లాప్‌టాప్ సర్దుకుని, వీధి తలుపు గుండా వెళ్ళి, గోడ చుట్టూ తిరిగి, వెలుపలి కొళాయి దగ్గర తల్లి బిందె ఎత్తుతుంది. పెరటి తలుపుకు తాళం వేసి ఉంది.